రాయి కింద లెక్క

వాగు పాఠం చివర ఒక ప్రశ్న ఉంటుంది. "మీ దగ్గర్లోని వాగులో ఒక రాయి ఎత్తి, దాని కింద ఎన్ని రకాల ప్రాణులున్నాయో చూసి రాయండి. ఒకదాని బొమ్మ గీయండి." అయిదు మార్కులు. దిద్దేవాళ్లకు ఇచ్చే కీ కాగితంలో దానికి జవాబు కూడా ఉంటుంది: ఎనిమిది. నత్త, జలగ, చిట్టిరొయ్య, ఎండ్రపిల్ల, తూనీగ పిల్ల, నీటితేలు, పెంకుపురుగు, పుల్లచొక్కా. ఒక్కోదానికి అర మార్కు, బొమ్మకు ఒక మార్కు.

పుల్లచొక్కా అనే పేరు ఆ కీకి ముందు ఏ పుస్తకంలోనూ లేదు. సన్నటి పుల్లముక్కలు, ఇసుక రేణువులు ఒంటికి అతికించుకుని, ఆ గూడుతోనే నీళ్లలో పాకే పురుగు అది. దానికి ఆ పేరు పెట్టింది మాస్టారి భార్య. కీ రాసింది మాస్టారు.

ఇరవై నాలుగేళ్ల కిందటి మాట. ఇద్దరికీ పెళ్లయి మూడు నెలలు. ఒకే బడిలో ఉద్యోగం వచ్చింది, ఆయనకు పై తరగతుల సైన్సు, ఆమెకు కింది తరగతుల ప్రకృతి పాఠాలు. ఒక శనివారం బడి వదిలాక ఇద్దరూ చెప్పులు గట్టున విడిచి, మోకాళ్లదాకా బట్టలు మడుచుకుని, బడి వెనక వాగులోకి దిగారు. ఆయన రాయి ఎత్తి పట్టుకునేవాడు, ఆమె వంగి చూసి పేర్లు చెప్పేది. "కదపకండీ, మీ చెయ్యి వణికితే ఎండ్రపిల్ల పారిపోతుంది" అనేది. చెయ్యి వణికింది నీళ్ల చలికి కాదు. అప్పటికి ఆమె అంత దగ్గరగా నిలబడటం ఆయనకు ఇంకా అలవాటు కాలేదు. ఆ రోజు లెక్క తేలింది ఎనిమిది. ఆ మరుసటి వారమే చుట్టుపక్కల బడులన్నిటికీ కీ తయారు చేసే పని ఆయన మీద పడితే, ఆ ఎనిమిదినే ఎక్కించాడు. అబద్ధం రాయలేదు. కళ్లారా చూసిందే రాశాడు.

ఇప్పుడు ఆమె లేదు. పోయి అయిదు నెలలైంది. జబ్బు ముదిరాకే బయటపడింది. పడ్డాక ఏడు వారాలు కూడా నిలవలేదు. ఆ జబ్బుకీ వాగు నీళ్లకీ ఏ సంబంధమూ లేదని డాక్టరు అడక్కుండానే చెప్పాడు. ఉంటే ఎవరినైనా తిట్టుకోవడానికి ఉండేదేమో అని మాస్టారు ఒకసారి అనుకుని, ఆ ఆలోచనకు సిగ్గుపడ్డాడు.

అలాంటి రోజుల్లో పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ప్రకృతి పాఠాలన్నీ మార్చి, రేపటి తరాలకు భూమిని మిగల్చడం ఎలాగో నేర్పే కొత్త పుస్తకం వేస్తున్నారట. అందులో వాగు పాఠం తిరగరాసే పని మాస్టారిది. 'ఇరవై నాలుగేళ్లుగా ఎడతెగకుండా వాగును పరిశీలించి రికార్డులు రాస్తున్న ఏకైక బడి మీది కాబట్టి' అని ఉత్తరంలో ఉంది. పాత రికార్డులు వెంట తీసుకుని సోమవారం కమిటీకి రావాలి.

కమిటీ పెద్ద ఎవరో కాదు, ట్రైనింగు కాలేజీలో ఆయన పక్క మంచం వాడు. కాగితం మీద ఏ గీత గీయాలన్నా స్కేలు లేనిదే పెన్ను ముట్టేవాడు కాదు. అందుకని అందరూ స్కేలు అనే పిలిచేవాళ్లు. ఇప్పుడాయన పెద్ద హోదాలో ఉన్నా మాస్టారి నోట ఇంకో పిలుపు రాదు.

ఉత్తరం వచ్చిన గురువారం సాయంత్రం మాస్టారి కూతురు వంటింటి పై అర సర్దుతోంది. ఆ పిల్ల ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం చేస్తుంది. తల్లి పోయినప్పటి నుంచి వారానికొక అర చొప్పున ఇల్లు సర్దుతోంది. ఒక్కసారిగా సర్దేస్తే అమ్మ ఒక్కసారిగా పోయినట్టుంటుంది అని ఎవరితోనూ అనలేదు గాని, మాస్టారికి అర్థమైంది.

"నాన్నా, ఇదేంటో చూడు. డబ్బాల వెనక ఉంది. హాజరు పట్టీ."

"పాతదై ఉంటుంది. చిత్తు కాగితాలకు తెచ్చుకుని ఉంటుంది మీ అమ్మ."

"చిత్తు కాదు. ఎర్ర సిరాతో గీతలు కొట్టి మరీ రాసింది. వచ్చే రెండేళ్లకు తేదీలు కూడా వేసి పెట్టుకుంది చూడు. మా అమ్మ జోస్యం చెప్పేదని నాకు తెలీదు."

నవ్వించాలని అన్న మాటే, కానీ ఇద్దరికీ నవ్వు రాలేదు. మాస్టారు కళ్లద్దాలు పెట్టుకుని పట్టీ అందుకున్నాడు.

పిల్లల పేర్లు ఉండాల్సిన చోట తేదీలున్నాయి. ప్రతి నెలా మొదటి శనివారం. ఆమె వాగులో అయిదు రాళ్లకు తెల్ల రంగుతో అంకెలు వేసి పెట్టుకుంది. ఆ అయిదింటి కిందా చూసినవి చూసినట్టు రాసింది. పక్కన రెండు గళ్లు. ఒకదాని మీద 'ఉన్నవి', రెండోదాని మీద 'పిల్లలు రాసింది'.

మొదటి పేజీలో ఉన్నవి ఎనిమిది, పిల్లలు రాసింది ఎనిమిది. అది పద్నాలుగేళ్ల కిందటిది. తర్వాతి ఏడాదికి ఉన్నవి ఏడు. నీటితేలు పేరు దగ్గర చిన్న సున్నా. పిల్లలు రాసింది ఎనిమిది. ఎగువన అద్దకం షెడ్లు వచ్చిన ఏడాది ఉన్నవి అయిదు. పిల్లలు రాసింది ఎనిమిది. మాస్టారు పేజీలు తిప్పుతూ పోయాడు. ఎడమ గడి మెట్లు దిగినట్టు దిగుతోంది. కుడి గడి గోడలా నిలబడే ఉంది. మూడు. ఎనిమిది. మూడు. ఎనిమిది. రెండు. ఎనిమిది. పుల్లచొక్కా కనిపించకుండా పోయిన నెలలో ఆమె ఆ గడిలో ఏమీ రాయలేదు. పెన్సిలుతో ఒక చిన్న గూడు బొమ్మ వేసి వదిలేసింది.

చివరి ఎంట్రీ ఆసుపత్రిలో చేరడానికి పన్నెండు రోజుల ముందుది. ఉన్నవి: ఒకటి, ఎర్రపురుగు. పిల్లలు రాసింది: ఎనిమిది.

"ఏంటి నాన్నా ఇది?" అంది కూతురు.

"వాగు" అన్నాడు మాస్టారు.

భార్య చెప్పకపోతే కదా తెలియకపోవడానికి. చెప్పింది. ఎన్నిసార్లో చెప్పింది. వంట చేస్తూ, బట్టలు మడత పెడుతూ, బడికి నడుస్తూ.

"ఏమండీ, కీలో ఆ అంకె తీసేయండి. 'చూసినన్ని' అని పెట్టండి చాలు."

"చూసినన్ని అంటే ఒకడు మూడు రాస్తాడు, ఇంకొకడు ముప్పై రాస్తాడు. దిద్దేవాడు వాగులోకి దిగి చూసొస్తాడా?"

"దిగితే ఏం? కరిగిపోతాడా?"

"నువ్వు కూర్చుని నూట యాభై రికార్డులు దిద్దు, అప్పుడు తెలుస్తుంది."

ఆయన ఆ మాటను తమాషాగానే అన్నాడు ప్రతిసారీ. ఆమె కూడా నవ్వి ఊరుకునేది. చివరిసారి మాత్రం నవ్వలేదు. నాలుగేళ్ల కిందట వాగు దిగువ వీధివాళ్లు, నీళ్లు తగిలితే ఒళ్లు దద్దుర్లు లేస్తోందని ఫిర్యాదు పెట్టారు. దాని మీద ఆమె కూడా సంతకం చేసింది. రెండు నెలలకు జవాబొచ్చింది. 'స్థానిక పాఠశాల విద్యార్థులు ఏటా చేస్తున్న పరిశీలనల ప్రకారం వాగులో ఎనిమిది రకాల జలజీవులు ఆరోగ్యంగా ఉన్నందున ఫిర్యాదు మూసివేయడమైనది.' ఆ కాగితం తెచ్చి ఆయన టీ గ్లాసు కింద పెట్టింది.

"మీ ఎనిమిది నెగ్గిందండీ" అంది.

ఆ తర్వాత ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. గొడవ సద్దుమణిగిందని ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. డబ్బాల వెనక ఈ పట్టీ నడుస్తూనే ఉందని ఆయనకేం తెలుసు.

శుక్రవారం ఆయన పిల్లల్ని వాగుకు తీసుకెళ్లాడు. మామూలుగా ఆ పని టీచరమ్మది. ఆమె పోయాక ఎవరూ తీసుకెళ్లలేదు, అయినా రికార్డులు మాత్రం టంచనుగా బల్ల మీదికి వస్తూనే ఉన్నాయి. ముప్పై రెండు మంది పిల్లలు గట్టు మీద వరసగా కూర్చున్నారు. వాగు ఆ రోజు నీలంగా ఉంది. వారంలో ఏ రోజు ఏ రంగు వస్తుందో పిల్లలకు తెలుసు. నిన్న మెరూన్ అని ఒకడు చెప్పాడు.

ముందు బెంచీ పిల్ల ఒకతె అప్పుడే రాయడం ముగించి పెన్ను మూత పెట్టేసింది.

"అప్పుడే అయిపోయిందా అమ్మా?"

"అయిపోయింది సార్. బొమ్మ కూడా వేశాను. ఎండ్రపిల్ల."

"ఎక్కడ చూశావు ఎండ్రపిల్లని?"

"మా అక్క రికార్డులో సార్."

వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. అడిగినదానికి సరైన జవాబు చెప్పానన్న ధీమా ఆ మొహంలో ఉంది.

"మీ అక్క చూసిందా?"

"మా అక్క వాళ్ల సీనియర్ ది చూసింది సార్. ఎందుకు సార్, తప్పా? అక్కకి అయిదుకి అయిదొచ్చాయి. మీరే వేశారు."

మాస్టారు నీళ్లలోకి దిగాడు. తెల్ల అంకె చెరిగిపోతున్న మూడో రాయిని రెండు చేతులా ఎత్తాడు. కింద నల్లటి బురద. అందులో దారపు ముక్కంత ఎర్రపురుగులు నాలుగైదు మెలికలు తిరుగుతున్నాయి.

"రండి, చూడండి. ఇది రాయండి."

పిల్లలెవరూ కదల్లేదు.

"వద్దు సార్" అంది ముందు బెంచీ పిల్ల. "ఆ నీళ్లు తగిలితే దురదలొస్తాయి, మా అమ్మ తిడుతుంది. ఇంకా, ఎర్రపురుగు లిస్టులో లేదు కదా సార్. రాస్తే అర మార్కు పోతుంది."

ఆయన రాయిని ఎక్కడిదక్కడ పెట్టి గట్టెక్కాడు. ఎవరిని అనాలి? ఆ పిల్ల పుట్టకముందు నుంచే ఆయన చేతి ఎర్రపెన్ను ఈ పాఠం చెబుతోంది. వాగు వైపు చూడనివాడికి అయిదు, చూసినవాడికి సున్నా. పిల్లలు ఆ పాఠాన్ని శ్రద్ధగా నేర్చుకున్నారు.

ఇంటికొచ్చేసరికి మోకాళ్ల కింద చర్మం దద్దుర్లు లేచింది. కూతురు మందు రాస్తూ గొణిగింది.

"మీ అమ్మకీ ఇలాగే వచ్చేవా?" అని అడిగాడు.

"ప్రతి నెలా మొదటి ఆదివారం. ఏంటమ్మా అంటే దోమలు అనేది."

పట్టీ కమిటీలో చూపిస్తే ఏమవుతుందో ఆయన కూతురికి చెప్పాడు. ఎనిమిది తీసేయమనాలంటే ఎందుకు తీయాలో చెప్పాలి. చెప్పాలంటే ఇన్నేళ్ల రికార్డులూ చూసి రాసినవి కావని ఒప్పుకోవాలి. బడి పరువు, తన పరువు, ఏటా చేసే వాల్యుయేషన్ డ్యూటీ, అన్నీ పోతాయి.

"అవేం పెద్ద లెక్క కాదులే" అన్నాడు. "ఆ ఎనిమిది... మేమిద్దరం కలిసి లెక్కపెట్టిందమ్మా. దాన్ని నా చేత్తో నేను ఎలా కొట్టేయను?"

కూతురు దూదిని గిన్నెలో పడేసి, మూత పెట్టి, తల ఎత్తకుండా మాట్లాడింది.

"మా ల్యాబులో ఎవరైనా పాత రిపోర్టు చూసి కొత్తది రాస్తే ఉద్యోగం ఊడుతుంది, నాన్నా. అమ్మ రక్తం మొదట పరీక్ష చేసింది ఎవరనుకున్నావు? నేనే. అంకె చూసి మిషను తప్పనుకున్నాను. మళ్లీ చేశాను. అదే అంకె వచ్చింది."

"నాతో చెప్పలేదే."

"ఏం చెప్పను? కాగితం ముందు పెట్టుకుని పావుగంట కూర్చున్నాను. వేరే అంకె వేసేస్తే అమ్మ బాగైపోతుందేమో అన్నంత పిచ్చి ఆలోచన కూడా వచ్చింది. తర్వాత ఉన్నదున్నట్టు రాశాను. రాసి సంతకం పెట్టాను."

ఆ రాత్రి ఇద్దరూ తొందరగా పడుకున్నారు. ఎవరికెంత నిద్ర పట్టిందో ఎవరూ అడగలేదు.

సోమవారం కమిటీ గదిలో పొడుగాటి బల్ల, ఒక్కో కుర్చీ ముందు ఒక నీళ్ల సీసా. గోడ మీద కొత్త పుస్తకం అట్ట బొమ్మ: పచ్చటి కొండ, కొండ కింద నీలం వాగు, చేతులు పట్టుకున్న పిల్లలు.

"రారా, నీ వాగు కోసమే అందరం కూర్చున్నాం. ఎండిపోయిందేమో అనుకున్నాం" అన్నాడు స్కేలు.

"ఇంకా ఎండలేదు" అన్నాడు మాస్టారు.

రికార్డుల కట్ట బల్ల మీద పెట్టాడు. దాని పక్కన హాజరు పట్టీ తెరిచి పెట్టాడు. చెప్పదలచుకున్నది పొద్దున బస్సులో నాలుగు వాక్యాలుగా కూర్చుకున్నాడు. ఆ నాలుగూ చెప్పాడు. ఈ రికార్డులు చూసి రాసినవి కావు. కీలో అంకె ఉంది కాబట్టి పిల్లలు అంకె రాశారు. నిజంగా చూసి రాసిన లెక్క ఈ పట్టీలో ఉంది. కొత్త పుస్తకంలో కీ నుంచి అంకెను తీసేయాలి.

పట్టీ చేతులు మారింది. బొమ్మలు వేసే ఆయన గూడు బొమ్మ దగ్గర ఆగి, "ఈ గీత ఎవరిదండీ, భలే ఉంది" అన్నాడు. కమిటీలో అందరికంటే చిన్నది, కొత్తగా వచ్చిన మేడమ్, కుడి గడి మీద వేలు పెట్టింది.

"సార్, ముందుమాటలో మొదటి వాక్యమే మీ బడి గురించి రాశాం. ఇరవై నాలుగేళ్ల పరిశీలన అని. మరి..."

"అది తీసేయండమ్మా. అది నిజం కాదు."

స్కేలు గొంతు సవరించుకున్నాడు.

"సరే, అంకె తీసేద్దాం. అప్పుడు మార్కు దేనికి వేయాలి?"

"ఏ రోజు వెళ్లాడు, ఏ రాయి ఎత్తాడు, ఏం చూశాడు. పోయిన నెలకీ దీనికీ తేడా ఏంటి. అది రాస్తే మార్కు. ఏమీ కనిపించలేదని రాసినా పూర్తి మార్కు."

"ఏమీ కనిపించలేదంటే అయిదుకి అయిదా! ఒరేయ్, రేపటి నుంచి రాష్ట్రంలో ఏ పిల్లకీ ఏమీ కనిపించదు."

అందరూ నవ్వారు. మాస్టారికి కూడా కొంచెం నవ్వొచ్చింది. ఆ మాటలో నిజం లేకపోలేదు.

"కావచ్చు. కొంతమంది అదీ కాపీ కొడతారు. కానీ ఇవాళ నిజం రాసినవాడికి మార్కు పోతోంది. అది ఆపమంటున్నాను. అంతకంటే పెద్ద మాట నాకు తెలీదు."

"నేను ఒప్పుకుంటాను సార్" అంది కొత్త మేడమ్, మెల్లగా. స్కేలు ఆమె వైపు చూసి, "ఒక్క నిమిషం మేడమ్" అని లేచి, మాస్టారి భుజం మీద చెయ్యి వేసి వరండాలోకి తీసుకెళ్లాడు.

"నీ బాధ నాకు తెలుసురా. ఆమె చేతి వంట ఎన్నిసార్లు తిన్నాను! విను. ఒక పని చేద్దాం. పాఠం పక్కన ఒక పెట్టె కట్టిస్తాను. 'వాగును ప్రేమించిన టీచరమ్మ' అని. ఆమె ఫొటో, ఆ గూడు బొమ్మ, నాలుగు వాక్యాలు. ఎన్ని లక్షల మంది పిల్లలు చూస్తారో ఆలోచించు. పుస్తకం ఉన్నన్నాళ్లూ ఆమె ఉంటుంది."

మాస్టారు వరండా పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాడు. ఒక్క క్షణం ఆయనకు అది కనిపించింది: ఏ ఊళ్లోనో ఏదో పిల్ల పేజీ తిప్పుతుంది, ఆమె మొహం.

"మరి కీ?"

"కీ జోలికి వెళ్లొద్దురా. ఎనిమిది ఉండనీ. ఈ పట్టీ సంగతి మనిద్దరి మధ్య ఉంచేద్దాం. పడిపోయే లెక్కలు చూపించి పసిపిల్లల్ని బెంబేలెత్తిస్తామా? పుస్తకం ఆశ కలిగించాలి."

"ఆమె ఫొటో పక్కన ఎనిమిది అని ఉంటుందన్నమాట."

"ఏం, తప్పా? మీరిద్దరూ లెక్కపెట్టిందేగా. నువ్వే చెప్పావు మా పెళ్లి పందిట్లో, నాకు గుర్తుంది."

స్కేలు రెండుసార్లు గడియారం చూసుకున్నాడు.

"ఇన్నేళ్లూ దురదలకు మందు రాసుకుంటూ ఎనిమిది కాదని రాసిందిరా" అన్నాడు మాస్టారు చివరికి. "నేనొక్కణ్ణే వినలేదు. ఇప్పుడామె నోట్లో నా అంకె పెట్టలేను."

లోపలికెళ్లి ఒక తెల్లకాగితం అడిగి తీసుకున్నాడు. 'మా బడి నుంచి పంపిన వాగు రికార్డులు పరిశీలించి రాసినవి కావు. కీలోని జవాబును బట్టి రాసినవి. ఆ కీ నేను తయారు చేసినది. వీటి ఆధారంగా ఎవరైనా ఏ నిర్ణయమైనా తీసుకుని ఉంటే తిరిగి చూడవలసిందిగా కోరుతున్నాను.' సంతకం పెట్టాడు. తేదీ వేశాడు. పట్టీ మాత్రం వెనక్కి తీసుకున్నాడు.

ఆ కాగితం ఎక్కడెక్కడ తిరిగిందో ఆయనకు తెలియదు. మూడు వారాలకు మెమో వచ్చింది, తప్పుడు రికార్డులకు మార్కులు వేసినందుకు సంజాయిషీ ఇవ్వమని. ఇచ్చాడు. వాల్యుయేషన్ జాబితాలోంచి పేరు తీసేశారు. స్టాఫు రూములో ఇద్దరు మాట్లాడటం తగ్గించారు. "ఇన్నాళ్లూ లేని నీతి మొన్న పుట్టుకొచ్చిందేం మాస్టారూ?" అని ఒకాయన ఎదుటే అన్నాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దిగువ వీధివాళ్ల ఫిర్యాదును ఎవరూ తెరవలేదు.

సెలవులయ్యాక బడి తెరిచిన మొదటి వారంలో కొత్త పుస్తకాలు కట్టలు కట్టలుగా దిగాయి. మంచి కాగితం, రంగు బొమ్మలు, కొత్త అచ్చు వాసన. మాస్టారు నిలబడే వాగు పాఠం తెరిచాడు. ముందుమాటలో వాళ్ల బడి పేరు లేదు. పాఠంలో టీచరమ్మ లేదు. వాగు ఉంది, రెండు పేజీల నిండా, అద్దంలా. రాళ్ల మధ్య నత్త, జలగ, చిట్టిరొయ్య, ఎండ్రపిల్ల, తూనీగ పిల్ల, నీటితేలు, పెంకుపురుగు, పుల్లచొక్కా, ఒక్కోటి ఎంత అందంగా వేశాడో ఆ బొమ్మలాయన. ఆ పేరు ఎవరు పెట్టారో ఎక్కడా లేదు. కింద ప్రశ్న మారింది.

"పై చిత్రంలో ఎన్ని రకాల ప్రాణులున్నాయో చూసి రాయండి."

ఇక ఎవరూ వాగు దగ్గరికి వెళ్లనక్కర్లేదు. ఎవరూ అబద్ధం రాయనక్కర్లేదు కూడా. చిత్రంలో నిజంగానే ఎనిమిది ఉన్నాయి. దిద్దేవాళ్లకు తలనొప్పి లేదు. మాస్టారు పుస్తకం మూసి కట్ట మీద పెట్టాడు. కావాలనుకున్నవాళ్లు రావచ్చు, శనివారం బడి అయ్యాక వాగు దగ్గరికి వెళ్తున్నాను అని తరగతిలో చెప్పాడు. రబ్బరు చేతితొడుగులు ఆసుపత్రి నుంచి కూతురు తెచ్చి పెట్టింది.

ముప్పై రెండు మందిలో అయిదుగురొచ్చారు. ముందు బెంచీ పిల్ల వాళ్లలో ఉంది. తల్లి వద్దందనీ, చెప్పకుండా వచ్చాననీ, సార్ కూడా చెప్పకూడదనీ ఒక్క ఊపిరిలో చెప్పింది.

"సార్, దీనికి మార్కులున్నాయా?"

"లేవమ్మా."

"అస్సలు లేవా? ఇంటర్నల్ లో కూడా?"

"అస్సలు లేవు."

ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "అయితే ఎందుకు సార్?" అంది.

మాస్టారు పట్టీ తెరిచి చూపించాడు. పిల్ల పేజీలు తిప్పింది. తిప్పే కొద్దీ వేలు ఎడమ గడి మీద జారుతూ వచ్చింది. టీచరమ్మ చేతిరాతను ఆ పిల్ల గుర్తుపట్టింది. మూడో తరగతిలో అక్షరాలు దిద్దించింది ఆమేనట. ఇంకేమీ అడగలేదు. చేతితొడుగులు వేసుకుంది. అవి మోచేతులదాకా వచ్చాయి.

అయిదో రాయి ఎంత వెతికినా దొరకలేదు. కొట్టుకుపోయిందో, బురదలో కూరుకుపోయిందో. మిగతా నాలుగూ ఎత్తారు. ఒక్కోదాని కిందా పిల్లలు చాలాసేపు చూశారు. ఏదో ఒకటి కనిపించాలని వంగి, ముక్కు మూసుకుని, పుల్లతో బురద కదిపి మరీ చూశారు. "ఇదిగో సార్, పుల్లచొక్కా!" అని ఒకడు అరిచాడు. మాస్టారు గబగబా వాడి దగ్గరికి వెళ్లి వంగి చూశాడు. అది నిజంగానే పుల్ల.

గట్టు మీద కూర్చుని ఆయన పెన్ను తీశాడు. ఆమె ముందుగా వేసి పెట్టిన తేదీల్లో ఎనిమిదో తొమ్మిదో గళ్లు ఖాళీగా ఉన్నాయి. వాటిని నింపలేదు. ఆ తేదీల్లో ఎవరూ చూడలేదు. ఇవాళ్టి తేదీ కూడా ఆమె చేతిరాతలోనే ఉంది. దాని ఎదురుగా రాశాడు: రాళ్లు నాలుగు. ఉన్నవి ఒకటి, ఎర్రపురుగు.

తర్వాత పట్టీని ముందు బెంచీ పిల్ల చేతికిచ్చి, కుడి గడి చూపించాడు. పిల్ల పెన్ను పట్టుకుని ఆయన మొహంలోకి చూసింది.

"ఒకటనే రాయనా సార్? నిజంగా?"

"నువ్వెన్ని చూశావు?"

పిల్ల తొడుగు తీసి, పెదాలు బిగించి రాసింది. పదమూడేళ్ల తర్వాత ఆ రెండు గళ్లలోనూ ఒకే అంకె ఉంది. వాగు ఆ రోజు ఆకుపచ్చగా పారుతోంది. సిరా ఆరేదాకా మాస్టారు పట్టీ మూయకుండా మోకాళ్ల మీద పట్టుకుని కూర్చున్నాడు.